మురుగు పైపు... ఆ చివర ఎక్కడ?

చెరువు ఒడ్డున ఇల్లు... ఎవరికి ఇష్టముండదు! పొద్దున్నే కిటికీ తీస్తే నీళ్ల మీంచి చల్లటి గాలి. సాయంత్రమైతే పిల్లలతో గట్టు మీద షికారు. బ్రోచర్‌లో ‘లేక్ వ్యూ’ అన్న రెండు మాటలు కనిపిస్తే చాలు, ఫ్లాటు రేటు పెరిగిపోతుంది. కానీ ఆ బ్రోచర్‌లో ఎక్కడా కనిపించని సంగతి ఒకటుంది. ఆ ఇంటి స్నానాల గదిలోంచి, వంటింట్లోంచి, మరుగుదొడ్డిలోంచి పోయే నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయి?

‘సెప్టిక్ ట్యాంకులోకి’ అంటారు చాలామంది. మరి అక్కడి నుంచి? ‘ఊళ్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉందిగా, అందులోకి’ అంటారు ఇంకొందరు. మరి అక్కడి నుంచి?

ఈ ‘అక్కడి నుంచి’ అన్న ప్రశ్న 1950ల్లో ఒక సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లన్నింటినీ రెండుగా చీల్చింది. ఒకే ఏడాదిలో రెండుసార్లు ఓటు వేయించింది. అదే అమెరికా వాయవ్య మూలన, సియాటెల్ నగరాన్ని ఆనుకుని ఉన్న వాషింగ్టన్ సరస్సు. ముప్ఫై కిలోమీటర్లకు పైగా పొడవున్న మంచినీటి సరస్సు. దాని తూర్పు ఒడ్డున ఉన్న బెల్‌వ్యూలో, ఆ పక్కనే ఉన్న రెడ్‌మండ్‌లో ఇవాళ సాఫ్ట్‌వేర్ కొలువుల పుణ్యమా అని ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు ఒడ్డున బెంచీల మీద కూర్చుని ‘నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో’ అని మురిసిపోతుంటారు. ఆ తేటదనం ఊరికే రాలేదు. అప్పటివాళ్లు నెలనెలా డబ్బు కట్టి, పదేళ్లు ఓపిక పట్టి తెచ్చుకున్నది అది.

తొట్టి చేసేదెంత... నేల చేసేదెంత?

ముందు సెప్టిక్ ట్యాంకు సంగతి. దీని మీద చాలామందికి ఒక అపోహ ఉంది. మురుగును మాయం చేసే యంత్రమేదో నేల కింద ఉందనుకుంటారు. నిజానికి అది పాతిపెట్టిన తొట్టి, అంతే! ఇంట్లోంచి వచ్చిన మురుగు అందులో కాస్త నిలుస్తుంది. బరువైనదంతా అడుగుకు చేరి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి. మధ్యలో తేరుకున్న నీరు అవతలి గొట్టంలోంచి బయటికి పోతుంది. చూడ్డానికి తేటగా కనిపించినా ఆ నీటిలో రోగక్రిములుంటాయి, నత్రజని ఉంటుంది, భాస్వరం ఉంటుంది.

అసలు శుద్ధి జరిగేది ట్యాంకు దాటాకే. ఇంకుడు గుంతలోకో, చిల్లుల గొట్టాల ద్వారా పెరటి నేలలోకో ఆ నీరు మెల్లగా ఇంకాలి. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని శుభ్రం చేస్తాయి. భాస్వరాన్ని మట్టి రేణువులు పట్టి ఉంచుతాయి. అంటే తొట్టిది సగం పనే, మిగతా సగం నేలది. ఇళ్లు దూరదూరంగా ఉండి, నేల బాగా ఇంకేదై, నీటిమట్టం లోతుగా ఉన్నచోట ఈ ఏర్పాటుకు వంక పెట్టక్కర్లేదు. మూడు నుంచి ఐదేళ్లకోసారి మడ్డి తోడించమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అక్కడి ఇళ్లవాళ్లకు చెబుతుంది. ఆ మాత్రం చూసుకుంటే ట్యాంకు ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

చెరువు ఒడ్డుకు వచ్చేసరికే లెక్క మారుతుంది. అక్కడ నీటిమట్టం పైపైనే ఉంటుంది కాబట్టి మురుగును వడగట్టేందుకు చాలినంత మట్టి ఉండదు. పైగా ఒడ్డు వెంట స్థలం ఖరీదు కావడంతో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని లేస్తాయి. ఒక ట్యాంకు నీళ్లను పీల్చుకోగలిగిన నేల వంద ట్యాంకుల నీళ్లను పీల్చలేదు. నత్రజనిని మట్టి ఎటూ పెద్దగా ఆపలేదు. భాస్వరాన్ని పట్టి ఉంచే శక్తి కూడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఒక్కో ఇంటివాళ్లను విడిగా అడిగితే ‘మా ట్యాంకు బాగానే ఉంది’ అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు. కానీ అన్నీ కలిపితే చెరువు మాత్రం బాగుండదు.

వంతెన తెచ్చిన తంటా

వాషింగ్టన్ సరస్సు తూర్పు ఒడ్డు ఒకప్పుడు పొలాలు, అడవి. 1940లో సరస్సు మీద తేలే వంతెన కట్టారు. సియాటెల్‌లో ఉద్యోగం చేస్తూ అవతలి ఒడ్డున కాపురం పెట్టడం సులువైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇళ్లు ఒక్కసారిగా పెరిగాయి. బెల్‌వ్యూ 1953లో పట్టణమైంది. దాని చుట్టూ ఎన్నో చిన్న ఊళ్లు. ఎవరి పాలకవర్గం వాళ్లది, ఎవరి మురుగు వాళ్లది! కొత్త కాలనీల్లో చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకులే. అక్కడి గట్టి నేలలో నీరు సరిగా ఇంకక, వానాకాలంలో అవి పొంగి పెరళ్లలోకి, కాల్వల్లోకి వచ్చేవి.

మరి డ్రైనేజీ పైపులు వేసుకున్న ఊళ్లన్నా సరస్సును కాపాడాయా? లేదు! ఆ పైపులు చిన్నచిన్న మురుగునీటి శుద్ధి కేంద్రాలకు వెళ్లేవి. అలాంటివి సరస్సు చుట్టూ సుమారు పది వెలిశాయి. అవి మురుగును ఆనాటి పద్ధతుల ప్రకారం బాగానే శుద్ధి చేసేవి. చేసి, ఆ నీళ్లను నేరుగా సరస్సులోకే వదిలేవి! 1960ల మొదట్లో ఇలా కలిసే నీరు రోజుకు ఏడున్నర కోట్ల లీటర్లు. క్రిములు తగ్గాయి, చెత్త తగ్గింది. భాస్వరం మాత్రం అలాగే ఉంది. ఆ కేంద్రాలు దాన్ని తీసేందుకు కట్టినవి కావు మరి.

పంట చేనుకు భాస్వరం ఎలాగో సరస్సులో నాచుకూ అలాగే. ఎరువు పడితే ఏపుగా పెరుగుతుంది. నీళ్లు పచ్చగా, చిక్కగా మారతాయి. నాచు చచ్చి కుళ్లితే కంపు కొడుతుంది. నీటిలోని ప్రాణవాయువునూ తినేస్తుంది. 1955లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త డబ్ల్యు. టి. ఎడ్మండ్‌సన్ బృందం సరస్సు నీళ్లలో ఆసిలేటోరియా రుబెసెన్స్ అనే రకాన్ని గుర్తించింది. పేరు నోరు తిరగకపోయినా శాస్త్రవేత్తలకు అది పాత పరిచయమే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సరస్సు మురుగుతో పాడవుతున్నప్పుడు అక్కడా ఇదే కనిపించింది. మురుగు ఇలాగే కలుస్తుంటే సరస్సు ఏమవుతుందో, ఆపేస్తే ఎలా కోలుకుంటుందో ఎడ్మండ్‌సన్ ముందే లెక్కగట్టి చెప్పారు.

మార్చిలో ‘వద్దు’... సెప్టెంబరులో ‘సరే’

జేమ్స్ ఎల్లిస్ అనే న్యాయవాది ఈ సమస్యను భుజాన వేసుకున్నారు. సరస్సుకు ఊళ్ల సరిహద్దులు తెలియవు కాబట్టి, అన్ని ఊళ్లకూ కలిపి ఒకే సంస్థ ఉండాలన్నది ఆయన వాదన. దానికి వీలు కల్పించే చట్టం 1957లో వచ్చింది. సంస్థకు క్లుప్తంగా ‘మెట్రో’ అని పేరు. ఇది రైలు కాదు, మురుగు కోసం పుట్టిన మెట్రో! సరస్సు చుట్టూ పెద్ద పైపులు వేసి, మురుగునంతా పట్టి, అవతల ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ వైపు మళ్లించాలన్నది పథకం. ఖర్చు సుమారు 14 కోట్ల డాలర్లు. ఆ రోజుల్లో అది కళ్లు తిరిగే మొత్తం. ఇంటికి నెలకు 2 డాలర్ల రుసుము.

1958 మార్చి 11న ఓటింగ్ జరిగింది. నియమం ఏమిటంటే సియాటెల్ లోపలా, బయటి ఊళ్లలోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. నగరం ‘సరే’ అంది. బయటి ఊళ్లు ‘వద్దు’ అన్నాయి. పథకం పడిపోయింది.

బయటి ఊళ్లవాళ్లకు సరస్సు మీద ప్రేమ లేదా? ఉంది. వాళ్ల భయాలు వేరు. ప్రతిపాదనలో మురుగుతో పాటు రవాణా, ప్రాంతీయ ప్రణాళిక కూడా కలిపారు. చిన్న ఊళ్ల పెత్తనమంతా పెద్ద నగరం చేతిలోకి పోతుందని, పన్నులు పెరుగుతాయని అనుమానించారు. ఇక సెప్టిక్ ట్యాంకు ఉన్న ఏ ఇంటికైనా డ్రైనేజీ అంటే నెల రుసుముతో పోయేది కాదు. వీధిలోని పైపు దాకా తమ ఇంటి గొట్టం తామే వేయించుకోవాలి. పెరడు తవ్వాలి. మొన్నమొన్ననే డబ్బు పోసి కట్టించిన ట్యాంకును పూడ్చేయాలి. ఒడ్డుకు రెండు మైళ్ల దూరంలో ఉన్నవాళ్లకైతే ‘సరస్సు అందం వాళ్లకు, బిల్లు మాకా?’ అనిపించడం సహజం. పింఛనుతో బతికే వృద్ధ దంపతులకు నెలకు 2 డాలర్లూ లెక్కే. ఇవేవీ కొట్టిపారేయాల్సిన మాటలు కావు.

ఎల్లిస్ బృందం వాటిని కొట్టిపారేయలేదు కూడా. ప్రతిపాదనను కుదించారు. రవాణా, ప్రణాళిక తీసేసి ఒక్క మురుగునే ఉంచారు. సరిహద్దులూ తగ్గించారు. ‘నీళ్లు కలుషితం, స్నానాలకు పనికిరావు’ అనే హెచ్చరిక బోర్డు దగ్గర పిల్లలు నిలబడిన ఫొటో ఒకటి ప్రచారంలోకి వచ్చింది. నాచు పేరు అర్థంకాని వాళ్లకూ ఆ ఫొటో అర్థమైంది. ఆ ఏడాది సెప్టెంబరు 9న మళ్లీ ఓటు వేస్తే నగరమూ, బయటి ఊళ్లూ రెండూ ‘సరే’ అన్నాయి.

కథ అక్కడే సుఖాంతం అయిందా అంటే... కాలేదు. పైపులు ఒక్క రోజులో పడవు కదా! ఓటు వేసిన ఐదేళ్లకు, 1963లో, సరస్సు మరీ అధ్వాన్నంగా మారింది. స్థానికులు దానికి ‘లేక్ స్టింకో’ అని పేరు పెట్టారు. మన మాటల్లో ‘కంపు సరస్సు’ అన్నమాట. నీళ్లలోకి తెల్లటి పళ్లెం దించి అది ఎంత లోతు వరకు కనిపిస్తుందో కొలవడం శాస్త్రవేత్తల పద్ధతి. 1950లో సుమారు 12 అడుగుల వరకు కనిపించిన పళ్లెం 1960ల మొదట్లో రెండున్నర అడుగులకే మాయమైంది. నెలనెలా డబ్బు కడుతున్న జనానికి అది ఎంత పరీక్షో ఊహించుకోవచ్చు. ఆ 1963లోనే మురుగు మళ్లింపు మొదలై 1968లో పూర్తయింది. ఆ తర్వాత ఎడ్మండ్‌సన్ చెప్పినట్టే నీళ్లు గబగబా తేటపడ్డాయి. 1970ల రెండో సగంలో పళ్లెం పాత 12 అడుగులను దాటి ఇంకా లోతుకు కనిపించింది. నాచును మేసే డాఫ్నియా అనే చిన్న జలజీవి పెరగడం కూడా అందుకు సాయపడింది. సరస్సులను బాగు చేయడం సాధ్యమేనని చెప్పడానికి ఇప్పటికీ ప్రపంచమంతా చూపించే ఉదాహరణ ఇది.

అటు తోస్తే ఇటు తేలింది

అయితే సరస్సులోంచి తీసిన మురుగు ఎక్కడికో పోవాలి కదా! పెద్ద భాగం వెస్ట్ పాయింట్ అనే చోట కట్టిన కేంద్రం నుంచి ప్యూజెట్ సౌండ్‌లో కలిసింది. 1966లో మొదలైన ఆ కేంద్రం తొలినాళ్లలో ప్రాథమిక శుద్ధి మాత్రమే చేసేది. రెండో దశ శుద్ధి వచ్చేసరికి 1995 అయింది. రెంటన్‌లో కట్టిన మరో కేంద్రం తన నీళ్లను 1980ల దాకా దగ్గర్లోని నదిలోకి వదిలింది. ఆ నదికీ ఇబ్బందే అని తేలాక పొడవాటి పైపుతో సముద్రపు పాయకు మళ్లించారు.

అంతటితో అయిపోలేదు. 2017 ఫిబ్రవరిలో భారీ వానల మధ్య వెస్ట్ పాయింట్ కేంద్రంలో పరికరాలు మొరాయించాయి. కేంద్రమే మునిగిపోయింది. వాననీరు కలిసిన మురుగు 80 కోట్ల లీటర్లకు పైగా శుద్ధి లేకుండానే సముద్రపు పాయలోకి పోయింది. అందులో ఎక్కువ భాగం వాననీరే అయినా, మరమ్మతులకు నెలలు పట్టింది. సెప్టిక్ ట్యాంకు చెడితే ఒక పెరడు పాడవుతుంది. పెద్ద కేంద్రం చెడితే ఊళ్ల మురుగంతా ఒకేచోట బయటపడుతుంది. ఉమ్మడి ఏర్పాటుకు కాపలా కూడా అంతే గట్టిగా ఉండాలి.

ఇంకో సరస్సు ఇంకో పాఠం చెబుతుంది. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో కొండల మధ్య టాహో సరస్సు ఉంది. 1960ల్లో అక్కడా పర్యాటకులు, హోటళ్లు, సెప్టిక్ ట్యాంకులు పెరిగాయి. శుద్ధి చేసిన నీరు కూడా సరస్సులో పడకూడదని అక్కడివాళ్లు గట్టి నిర్ణయమే తీసుకున్నారు. సెప్టిక్ ట్యాంకులు ఆపించి, మురుగునంతా కొండల అవతలికి పంపులతో తోడి పోశారు. 1970ల్లోనే ఆ పని అయిపోయింది. మరి సరస్సు? 1968లో 102 అడుగుల లోతు వరకు కనిపించిన పళ్లెం 2017లో 60 అడుగుల దగ్గరే మాయమైంది! కారణం ఈసారి మురుగు కాదు. రోడ్లు, ఇళ్లు, పార్కింగ్ స్థలాల మీంచి వాననీటితో, కరిగిన మంచుతో కొట్టుకొచ్చే సన్నటి మట్టి రేణువులు ప్రధాన కారణమని తేల్చారు. మురుగును ఆపకపోతే టాహో ఇంకా పాడయ్యేదన్నది నిజమే. కానీ డ్రైనేజీ వచ్చింది కదా అని ఒడ్డున ఎన్ని కట్టినా ఫర్వాలేదనుకోవడం మాత్రం కుదరదని ఆ సరస్సు చెబుతోంది.

మన గట్టు మీద...

ఈ కథలు మనకు కొత్తవేం కాదు. 1562లో తవ్వించిన హుస్సేన్‌సాగర్ కూకట్‌పల్లి నాలాలో వచ్చే మురుగుతో ఎంత పాడయిందో, దాన్ని మళ్లించడానికి ఎన్ని ప్రాజెక్టులు వచ్చాయో హైదరాబాద్ వాళ్లకు తెలుసు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలకు పగ్గాలు వేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ఇచ్చిన జీవో 69లోనూ మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టాలని, జలాశయాల్లోకి మురుగు రాకుండా చూడాలని రాయక తప్పలేదు. అనుమతి వస్తే ఇల్లు ఏడాదిలో లేస్తుంది. పైపు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో వాషింగ్టన్ సరస్సు కథే చెబుతుంది. ఆ మధ్యకాలంలో మురుగు ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర ఇంకో చిక్కు. చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు పేరుకే ఉంటుంది. ఇంకుడు గుంత ఉండదు. ట్యాంకు గొట్టం నేరుగా వీధి కాల్వలోకి, అక్కడి నుంచి చెరువులోకి. అంటే నేల చేయాల్సిన సగం పని అసలు జరగడమే లేదు. తోడించిన మడ్డిని కొన్ని ట్యాంకర్లు రాత్రిపూట ఏ కుంటలోనో వదిలేసి పోతాయి. ఈ మడ్డి సేకరణకు, రవాణాకు, శుద్ధికి వరంగల్ నగరపాలక సంస్థ 2016లో నిబంధనలు తెచ్చింది. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదని ఆ ప్రయత్నం చెబుతుంది. ట్యాంకును యంత్రంతోనే తోడించాలి. రక్షణ లేకుండా అందులోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నేరంగా పరిగణిస్తుంది.

రేపు ఏ చెరువు పక్క కాలనీలోనైనా ‘డ్రైనేజీ వేయిద్దామా’ అని సంక్షేమ సంఘం సమావేశం పెడితే వెంటనే చేతులెత్తేయకుండా నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది. ఈ పైపు ఏ శుద్ధి కేంద్రానికి వెళ్తుంది, ఇప్పుడున్న మురుగుకైనా దాని సామర్థ్యం సరిపోతుందా? శుద్ధయిన నీళ్లు మళ్లీ ఏ చెరువులో పడతాయి? కనెక్షన్ ఖర్చు ఒక్కసారే కట్టలేని ఇంటికి వాయిదాలున్నాయా? డ్రైనేజీ వచ్చాక ఒడ్డున కొత్త కట్టడాలకు అడ్డుకట్ట ఏమిటి?

జవాబులు సరిగ్గా ఉంటే పెరడు తవ్వుకున్నా, బిల్లు కాస్త పెరిగినా ఆ ఖర్చుకు అర్థముంటుంది. జవాబులు రాకపోతే మన వీధి కంపు పక్క ఊరి చెరువుకు పోతుంది, అంతే తేడా!